కోచ్ పక్కనోడు

మా మిల్లు గ్రౌండు గేటుకు ఈమధ్య కొత్త బ్యానరు కట్టారు. దాని మీద కొత్త కోచ్, ఆయన భుజం మీద చెయ్యేసి నవ్వుతున్న మా సేఠ్ కొడుకు, కింద పెద్ద పెద్ద గుజరాతీ అక్షరాల్లో స్వాగతం. పాత కోచ్ బ్యానరును విప్పి, ఎండ తగలకుండా చాయ్ లారీకి పైన కప్పారు. సూరత్‌లో తోపుడు బండిని లారీ అంటారు. షిఫ్టు దిగి ఆ లారీ దగ్గర చాయ్ తాగుతుంటే గేటు మీద ఒక ముఖం, నెత్తి మీద ఒక ముఖం. మా రోజుల్లో ఈ రెండు ముఖాలకూ నడుమ ఇంకొకాయన ఉండేవాడు. ఒకసారి, ఒక కోచ్ పోయి ఇంకో కోచ్ వచ్చేదాకా, గ్రౌండు ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఫొటో ఏ బ్యానరు మీదా ఎక్కలేదు. కిందటి వానాకాలంలో ఆయన పోయాడు.

మా అసిస్టెంట్ కోచ్ ఆయన. పేరు రాయడం లేదు. రాసినా మా టీములో సగం మందికి అది ఎవరిదో తెలియదు. నేనూ ఇంకొందరు తెలుగు పిల్లలమూ కాకా అని పిలిచేవాళ్ళం. గుజరాతీలో కూడా చిన్నాన్నను కాకా అనే అంటారు. దాంతో ఒడియా వాళ్ళు, మరాఠీ వాళ్ళు, చివరికి సేఠ్ కూడా కాకా అనే అన్నారు. రిఫరీలు సైతం ఆయన అసలు పేరు కాకా అనుకుని అలాగే రాసుకునేవారు.

మాది భేస్తాన్‌లో చీరలకు రంగులు వేసే మిల్లు నడిపిన టీము. సేఠ్ తండ్రికి ఫుట్‌బాల్ పిచ్చి. ఆయన పోయాక కూడా తండ్రి పేరు నిలవాలని సేఠ్ టీమును ఉంచాడు. ఆడేవాళ్ళకు మిల్లులో నౌకరీ. పొద్దున ప్రాక్టీసు, తర్వాత చీరలు మడిచే ఫోల్డింగులోనో, గోదాములోనో తేలిక పని, మిల్లు వెనుక వరసలో ఒక గది. టీములో లేకుండా పోతే మటుకు పని బాయిలర్ వైపుకు మారేది, గది కూడా చేతిలో ఉండేది కాదు. అందువల్ల మ్యాచ్ ఓడితే మాకు బాధ, అంతే. కోచ్ మారితే భయం. కొత్తగా వచ్చేవాడి కంటికి ఎవరు ఆనతారో, ఎవరు ఆనరో ఎవరికీ తెలియదు.

నేను గోల్‌కీపర్ని. చిన్న టీముల్లో గోల్‌కీపర్లకు వేరే కోచ్ ఉండడు, ఆ పని అసిస్టెంటుదే. అలా గ్రౌండుకు ఒక కొసన, ఖాడీ వైపు గోలు ముందు, నేనూ కాకా చాలా ఏళ్ళు గడిపాం. మురుగు పారే ఆ వాగు వాసనకు కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. కాకా మాత్రం గట్టిగా పీల్చి, "రంగు మారింది. ఇయ్యాల మిల్లుల ఎర్ర చీరలు ఎక్కినయ్" అనేవాడు.

ఎవరైనా ఆయనను కోచ్ సాబ్ అంటే వెంటనే దిద్దేవాడు.

"నేను కోచ్‌ను కాదు బిడ్డ. కోచ్ పక్కనోన్ని."

అది వినయమని నేను అనుకోను. తనకు ఒక చోటు ఉంది, దాని హద్దు తెలియాలి అన్నట్టుగా అనేవాడు. బెంచీలో మొదటి కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. మ్యాచ్ జరుగుతున్నంత సేపూ పెద్ద కోచ్‌కు ఒక అడుగు వెనక, కొంచెం ఎడమగా నిలబడేవాడు. విజిల్ మెడలో వేసుకోకుండా పిడికిట్లో పట్టుకునేవాడు. మాకు గోల్ పడితే పెద్ద కోచ్ నీళ్ళ సీసాను తన్నేవాడు. కాకా ఆ సీసా ఏరుకొచ్చి, గోలు దగ్గరున్న నా వైపు చూసి అరచెయ్యి కిందికి వత్తినట్టు చూపేవాడు. అయిందేదో అయింది, నిమ్మళంగా ఉండు అని అర్థం. గోల్ తిన్న ప్రతిసారీ నేను బంతిని తెచ్చుకోవడానికంటే ముందు ఆ అరచేతి కోసం చూసేవాణ్ణి.

మా పెద్ద కోచ్ కేరళ నుంచి వచ్చినాయన. మనిషి మంచివాడే, కోపం ఎక్కువ. హిందీ, ఇంగ్లీషు, మలయాళం కలిపి ఊపిరి తీసుకోకుండా తిట్టేవాడు. తిట్లు తిన్నవాడు చివరికి కాకా వైపు చూసేవాడు. కాకా వాడి భాషలో చెప్పేవాడు. ఒకసారి రాజేశంకు అట్లాగే పడ్డాయి. రాజేశం మా స్ట్రైకర్, మా వైపు పిల్లగాడే. వాళ్ళ నాయన సిరిసిల్ల నుంచి మగ్గాల మీద పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తిట్లన్నీ అయ్యాక కాకా వాడి దగ్గరికి పోయి, "సార్ ఏమంటున్నడంటే, జర ఎన్కకు జరిగి నిలబడు" అన్నాడు.

"అంతసేపు మొత్తుకున్నది గింతేనా కాకా?"

"పనికొచ్చేది గింతే."

మ్యాచ్ రోజు పొద్దున పెద్ద కోచ్ టీము చదివేవాడు. పేరు రానివాడు ఎక్కడో గోడ పక్కన కూలబడేవాడు. కొంతసేపటికి కాకా లారీ దగ్గర నుంచి చాయ్ తీసుకుని వాడి పక్కన కూర్చునేవాడు. ఆట మాట ఎత్తడు. "ఇంట్ల ఏం వండిన్రు?" అని అడుగుతాడు. "మీ చెల్లెకు జ్వరం తగ్గిందా?" అంటాడు. చాయ్ అయిపోయేసరికి ఆ పిల్లవాడు లేచి బూట్లు కట్టుకుని వార్మప్‌కు పోయేవాడు. కోచ్ కొట్టిన దెబ్బకు మందు రాసేవాడు ఒకడు కావాలి కదా, ఆ పని కాకాది. మేము అది ఆయన ఉద్యోగంలో భాగమనుకున్నాం.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. టీము వరసగా ఓడుతుంటే ఆయన రోజూ గడ్డం గీసుకునేవాడు, ఇస్త్రీ చొక్కా వేసేవాడు, బూట్లు తళతళలాడేలా తుడుచుకుని వచ్చేవాడు. కొత్త కోచ్ ఎప్పుడు వచ్చి ముందు నిలబడతాడో తెలియదు కనుక, చూడగానే పనికిరానివాడిలా కనపడకూడదని. ఇది మాకు తెలిసిపోయింది. పొద్దున గ్రౌండుకు రాగానే అందరం ఆయన ముఖం కంటే ముందు కాళ్ళ వైపు చూసేవాళ్ళం. బూట్లు మెరుస్తుంటే ఆ రోజు ప్రాక్టీసులో ఎవరూ నవ్వేవారు కాదు. పక్కవాడికి పాస్ ఇవ్వాల్సిన చోట తనే కొట్టేవాడు ప్రతివాడూ.

ఒక ఏడు మేము మరీ అధ్వాన్నంగా ఆడాం. పట్టికలో అట్టడుగుకు చేరాం. కింది డివిజన్‌కు పడిపోతే టీమే ఎత్తేస్తామని సేఠ్ కొడుకు క్యాంటీనులో అందరి ముందూ అనేశాడు. వడోదరలో ఓడి వచ్చిన మర్నాడు పెద్ద కోచ్‌ను ఆఫీసుకు పిలిచారు. మేము గ్రౌండులో ఉరుకుతున్నామే గాని అందరి కళ్ళూ ఆఫీసు మెట్ల మీదే. ఆయన దిగి, నేరుగా గ్రౌండు మధ్యకు, కాకా దగ్గరికి వచ్చాడు.

"నీకు ముందే తెలుసు," అన్నాడు హిందీలో. "వారం నుంచి నీ బూట్లు మెరుస్తున్నాయి."

కాకా వంగి తన బూట్ల వైపు చూసుకున్నాడు. అవి తనవి కావన్నట్టుగా చూశాడు.

"నాకేం తెలియదు సార్. భయంతో తుడుచుకున్నా."

"నీకెందుకు భయం? పోయేది నేను కదా."

ఆ కోచ్‌తో పాటు కేరళ నుంచి వచ్చిన ట్రైనర్ అప్పటికే సామాను సర్దుతున్నాడు. ఆటలో అది రివాజు. ఎవరి వెంట వచ్చినవాళ్ళు వాళ్ళ వెంటే పోవాలి. కాకా ఎవరి వెంటా రాలేదు, మిల్లులోనే పుట్టినట్టు ఎప్పటి నుంచో ఉన్నాడు. అయినా పెద్ద కోచ్ అడిగాడు, తనతో వస్తావా అని. కాకా బిడ్డది పదో తరగతి. చిన్నమ్మ, అంటే కాకా భార్య, మిల్లు పక్కనే చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది. కాకా తల అడ్డంగా ఊపాడు. పెద్ద కోచ్ వెళ్ళిపోయాడు.

స్టేషన్‌కు ఆయన పెట్టెను కాకానే మోశాడు. ఆ సంగతి తర్వాత నాకు చెప్తూ, "రైలు కదిలినప్పుడు చెయ్యి ఊపిండు బిడ్డ. నాకే ఊపిండో, నా ఎన్క ఎవ్వలన్న ఉన్నరో, తెల్వలే. ఎన్కకు మళ్లి చూద్దామంటే శరమనిపించింది" అన్నాడు. ఆ మాట ఆయన నాతో చాలాసార్లు అన్నాడు, ఏళ్ళ తర్వాత కూడా. ఫిర్యాదు చేసి పెద్ద కోచ్‌ను పంపించేసింది కాకానే అని టీములో కొందరు గొణిగారు. బూట్ల సాక్ష్యం చాలు వాళ్ళకు.

కొత్తాయన దొరికేదాకా కాకానే టీమును చూసుకోవాలని ఆఫీసు నుంచి మాట వచ్చింది. మొదటి రోజు పొద్దున మేము వరసగా నిలబడ్డాం. ఎదురుగా కాకా. ముందు ఎవరూ లేరు. అయినా పాత అలవాటు మీద కొంచెం వెనక, కొంచెం ఎడమగా నిలబడ్డాడు. ఆ ఖాళీ వైపు చూస్తూ రాజేశం, "కాకా, జర ముంగటికి రా, సార్ లేడు" అన్నాడు. అందరం నవ్వాం. కాకా కూడా నవ్వి ఒక అడుగు ముందుకు వేశాడు. వేశాక గొంతు సవరించుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక విజిల్ ఊదాడు.

కానీ ఆటలో ఆయన వెనక్కి తగ్గలేదు. ముందుకు దూకి ఆడే మా టీమును కాస్త వెనక్కు లాగి, దగ్గర దగ్గరగా నిలబెట్టాడు. పొడుగు పాసులు మాన్పించాడు. తర్వాతి మ్యాచ్‌కు టీము చదివాడు. రాజేశం పేరు లేదు. వాడికి మోకాలు వాచి ఉంది. దాచుకుని ఆడుతున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. కాకా కాగితం కూడా చూడకుండా, మా ఎవరి ముఖాలూ చూడకుండా, నేల వైపు చూస్తూ పేర్లు చెప్పాడు.

రాజేశం గోడ పక్కకు పోయి కూర్చున్నాడు. నేను గ్లవ్స్ తొడుక్కుంటున్నాను. కొద్దిసేపటికి కాకా చాయ్ గ్లాసుతో అటు వెళ్ళాడు. అది ఆయన ఆలోచించి చేసింది కాదు, కాళ్ళే తీసుకుపోయాయి. రాజేశం తలెత్తి చూశాడు.

"తీసేసింది నువ్వు. చాయ్ తెచ్చింది గూడ నువ్వేనా కాకా?"

వాడు గట్టిగా కూడా అనలేదు. కాకా గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూర్చోలేదు, తిరిగి రాలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. రిఫరీ రమ్మంటున్నాడని నేను పిలిస్తే గాని కదల్లేదు. గ్లాసును గోడ మీద పెట్టి వచ్చాడు.

ఆ మ్యాచ్ మేము గెలిచాం. దాని తర్వాతదీ గెలిచాం. ఆపైన ఒకటి డ్రా చేసుకున్నాం. మిల్లులో సంబరం. అయితే ఒక మార్పు నాకు అప్పుడే కనపడింది. అంతకు ముందు లారీ దగ్గర కాకా చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆయన వస్తుంటే మాటలు ఆగిపోయేవి. కడుపు నొప్పి ఉన్నవాడు లేదనేవాడు. ఇంట్లో గొడవైనవాడు అంతా బాగుందనేవాడు. ఎందుకు చెప్తారు? చెప్తే టీములో నుంచి పోతారేమోనని భయం. ఒడియా పిల్లవాడొకడు అప్పటిదాకా ఆయన ఒళ్ళో తల పెట్టి బస్సులో నిద్రపోయేవాడు, ఇప్పుడు దూరం సీట్లో నిటారుగా కూర్చుంటున్నాడు. నేనూ ఖాడీ వైపు గోలు ముందు గోడకు బంతి కొట్టి పట్టుకుంటూ ఒక్కణ్ణే ప్రాక్టీసు చేసుకున్నాను. ఆయనకు తీరిక లేదు. అటువైపు నుంచి ఒకటి రెండుసార్లు నన్ను చూసి చెయ్యెత్తాడు గాని రాలేకపోయాడు.

కాకా చిక్కిపోయాడు. "అన్నం ముంగట పెట్టుకోని గోడ దిక్కు చూస్తడు," అని చిన్నమ్మ నాతో అంది. "ఏమయ్యా అంటే, లెఫ్ట్‌ల ఎవన్ని ఆడియ్యాలె అంటడు. నాకేం తెలుసు లెఫ్టు, రైటు?"

చివరి మ్యాచ్ కూడా గట్టెక్కి, కింది డివిజన్‌కు పడకుండా బయటపడ్డాం. ఆ మర్నాడు సేఠ్ కాకాను ఆఫీసుకు రమ్మన్నాడు. కెప్టెన్‌ని గనుక నన్నూ పిలిచారు. సేఠ్ పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. మిఠాయి పెట్టె మా ముందుకు జరిపి హిందీలో అన్నాడు: "బయటివాళ్ళను తెచ్చి చూశాం. ఇక నువ్వే పెద్ద కోచ్‌వి కాకా. టీము నీది."

నేను కాకా వైపు చూశాను. చెమట పట్టింది ఆయనకు. ఏసీ గదిలో పైపెదవి మీద చెమట మెరుస్తోంది.

"వద్దు సేఠ్‌జీ," అన్నాడు. "ఎవరినైనా మంచివారిని తీసుకురండి. నేను ఆయన పక్కన ఉంటా. పక్కన ఉంటే నా పని నేను చేస్తా."

సేఠ్‌కు అర్థం కాలేదు. ఆయన కొడుకు మాత్రం నిలదీశాడు. "వచ్చేవాడు తన అసిస్టెంటును తనే తెచ్చుకుంటాడు కాకా. ఈ రోజుల్లో అందరూ అంతే. అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు చూద్దాం," అన్నాడు కాకా. మిఠాయి ముట్టుకోలేదు.

సంగతి మాకంటే ముందే ఇంటికి చేరింది. నేను ఆయన వెంట వెళ్ళేసరికి చిన్నమ్మ పొయ్యి దగ్గర సర్వపిండి వత్తుతోంది. చేతిలో పిండి ముద్దను గిన్నెకేసి కొట్టినట్టే వత్తుతోంది.

"పిలిచి కుర్సీల కూసోవెడుతుంటె వద్దన్నడంట! వినుండ్రి! రేపు కొత్తోడు వచ్చి ఈ రూము ఖాళీ చెయ్యుమంటె ఏడికి పోదాం? పిల్లది ఏ బడికి పోవాలె?"

"పోరలు నా దగ్గరికి వస్తలేరే," అన్నాడు కాకా.

"రాకుంటె ఏమైతది? పెద్ద సార్ దగ్గరికి ఎవలన్న పోయిన్రా? ఆయన బతకలేదా?"

"ఆయన వేరు."

"అవ్, ఆయన వేరు! నువ్వు వేరు! గందుకె ఆయనకు స్కూటర్ ఇచ్చిన్రు, నీకు విజిల్ ఇచ్చిన్రు." చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నా చేతిలో వేడి సర్వపిండి పెట్టింది. వాళ్ళ బిడ్డ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క పేజీ కూడా తిప్పకుండా వింటోంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. కొత్త కోచ్ ఎవరో ఎవరికీ తెలియదు. బెంగాల్ నుంచి అన్నారు, గోవా నుంచి అన్నారు. గేటు దగ్గర రిక్షా ఆగితే చాలు అందరి కాళ్ళూ ఆగేవి. కాకా బూట్లు రోజూ మెరిశాయి. ఈసారి ఎవరూ వాటిని చూసి గుసగుసలాడలేదు. ఆయన మళ్ళీ నా గోలు దగ్గరికి రావడం మొదలుపెట్టాడు, బంతులు విసిరేవాడు. పిల్లలు కూడా ఒక్కొక్కరే ఆయన దగ్గరికి చేరారు. రాజేశం మోకాలు చూపించుకున్నాడు. కాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇన్ని దినాలు దాసిపెట్టుకుంటె ఏమొచ్చిందిరా నీకు?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎంత తేటగా ఉందో! భయపడుతూనే సంతోషంగా ఉన్న మనిషిని అప్పుడే చూశాను.

కొత్త కోచ్ పుణె నుంచి వచ్చాడు. సేఠ్ కొడుకు చెప్పినట్టే తన అసిస్టెంటును వెంట తెచ్చుకున్నాడు. ఆ అసిస్టెంటు ఇరవైల్లో ఉన్న కుర్రవాడు, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. కొత్త కోచ్ దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. కానీ ఆయన నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. కాకాను కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పాడు, తామిద్దరూ కలిసి పని చేయడానికి అలవాటు పడ్డామని, మూడో మనిషికి చోటు లేదని. మిల్లు వాళ్ళు స్టోరులో పని ఇస్తామన్నారు. గది మాత్రం కొత్త అసిస్టెంటుకు కావాలన్నారు.

కాకా స్టోరు పని వద్దన్నాడు. ఒక్క మాట అడిగాడు: పోయే ముందు ఆ కుర్రవాడితో గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరుగుతానని. కెప్టెన్‌ని కదా, నేను వాళ్ళ వెనకే నడిచాను. పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. కాకా ఒక్కొక్కణ్ణి చూపిస్తూ హిందీలో చెబుతున్నాడు. "వాడి మీద అరవకండి సార్, వాళ్ళ నాన్న అట్లా అరిచేవాడు, అరిస్తే చెవులు మూతపడతాయి. అదిగో ఆ పొడుగువాడు నవ్వుతుంటే నమ్మకండి, నవ్వినప్పుడే వాడికి ఏదో అయి ఉంటుంది. వీడు," అని నన్ను చూపించి, "గోల్ పడగానే మిమ్మల్ని చూస్తాడు. మీరు అటు తిరిగి ఉండొద్దు, అంతే."

కుర్రవాడు అన్నిటికీ తల ఊపాడు. కొసకు వచ్చాక అడిగాడు, "మీకు నా మీద కోపం లేదా కాకా?"

"మీ సార్‌ను తీసేసిన రోజు మీరూ పోవాలి కదా?" అన్నాడు కాకా.

"పోవాలి."

"మరి మీ మీద నాకు కోపమెందుకు? మీ భయం నాకు తెలుసు."

ఆ వారమే వాళ్ళు కోసాడ్‌లోని సర్కారీ కాలనీలో ఒక ఇంటికి మారిపోయారు. సామాను టెంపోలో వేస్తుంటే రాజేశం, నేను, ఇంకొందరం వెళ్ళాం. కాకా కామ్‌రేజ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల సార్‌గా చేరాడు. చిన్న పిల్లల చేత లైను కట్టించడం, పంద్రాగస్టుకు కవాతు చేయించడం. బడి ప్రిన్సిపాల్ మారతాడని తెలిసినప్పుడు కూడా బూట్లు తుడుచుకున్నాడట. చిన్నమ్మ చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా టీము ఆ తర్వాత బాగానే ఆడింది. రాజేశం మోకాలు నయమైంది, మూడు నాలుగేళ్ళు గోల్స్ కొట్టాడు. నాకు వేలు విరిగి ఆట మానేశాక ఫోల్డింగులో ఉండిపోయాను. రాజేశం కామ్‌రేజ్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. కాకా కథను మేమిద్దరం తర్వాత వచ్చిన కుర్రవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాం. మా మీద ప్రేమతో పెద్ద కోచ్ పదవిని కాలదన్నాడని, అంత గొప్ప మనసు ఎవరికీ ఉండదని. చెప్పిన కొద్దీ ఆ కథ పెద్దదైంది.

కిందటి ఎండాకాలంలో కాకాకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఇద్దరం కోసాడ్ వెళ్ళాం. మధ్యాహ్నం. ఆయన మంచం మీద గోడకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు ఉబ్బాయి. మమ్మల్ని చూసి లేవబోతే చిన్నమ్మ కోప్పడింది. నర్సు పని చేస్తున్న వాళ్ళ బిడ్డ డ్యూటీకి బయల్దేరుతూ, ఎక్కువసేపు మాట్లాడించొద్దని మాకు చెప్పి పోయింది.

కొంతసేపు టైర్ల గురించి, మిల్లు గురించి మాట్లాడుకున్నాం. రాజేశం ఊరుకోలేక మళ్ళీ అదే ఎత్తాడు.

"ఇప్పటి పోరలకు చెప్తుంటం కాకా. మా కోసం కుర్సీ వద్దన్నడని. గసొంటి మనిషి ఇంకొకడు ఉండడని."

కాకా ముఖం ముడుచుకుంది. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"గట్ల చెప్పకుండ్రి. అబద్ధం."

"ఏంది అబద్ధం? నేను పక్కనే ఉన్న గద," అన్నాను నేను.

"ఉన్నవ్ గని నీకేం కనవడలే. నాకు భయమైందిరా. గంతే. ఒక్కొక్క మ్యాచ్‌కు పానం పోయి పానం వచ్చింది. పేర్లు చదువుతుంటె నాలుక ఎండిపోయేది. ఇంకొక ఏడాది గట్ల ఉంటె సస్తుంటి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పోరలు వస్తలేరని మీ చిన్నమ్మకు చెప్పిన. అది గూడ నిజమే. గని ముందుగాల భయం."

చిన్నమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె కూడా మొదటిసారి విన్నట్టుంది. వచ్చి ఆయన కాళ్ళ దగ్గర మంచం పట్టె మీద కూర్చుంది.

మేము ఇన్నాళ్ళూ మోసుకు తిరిగిన పెద్ద కథ ఆ చిన్న గదిలో ఒక్క మాటతో పోయింది. విచిత్రంగా నాకు ఆయన అంతకు ముందెన్నడూ లేనంత దగ్గరగా అనిపించాడు. అంత భయంతోనే ఆ మనిషి రోజూ గ్రౌండుకు వచ్చి నిలబడ్డాడు కదా అనుకున్నాను.

కాకా కిటికీ వైపు చూస్తున్నాడు. పక్క బిల్డింగు మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. అటే చూస్తూ అడిగాడు.

"ఒక మాట చెప్పుండ్రి. గా మ్యాచులల్ల నేను మంచిగనే చేసిన్నా?"

నేనూ రాజేశం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మస్తు చేసినవ్ కాకా," అన్నాడు రాజేశం. "నన్ను తీసేసుడే అన్నిటికన్న మంచిగ చేసినవ్. నేను ఆడితె ఓడిపోతుంటిమి. నా మోకాలు గూడ పోతుండె."

కాకా మెల్లగా నవ్వాడు. దిండు మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని మేము లేవబోయాం. అప్పుడు, కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"మరి అప్పుడు ఎవ్వలు చెప్పలే గదరా."